డొల్ల చప్పుడు

కదలొద్దన్నారు కాబట్టి కదలకుండా నిలబడ్డాడు చౌడప్ప, కదలకుండా నిలబడడం ఇంత పని అని ఇరవై అయిదేళ్ల బతుకులో ఎవరూ చెప్పలేదు, కుడికాలి పిక్క వణుకుతోంది, వణకొద్దని దానికి చెబుతున్నాడు, అది వినడం లేదు. కాళ్లకు కట్టుకున్న రెండు పొడుగాటి స్కీ చెక్కలు, వాటి కింద మంచు, మంచు కింద ఏముందో తెలుసు, ఏమీ లేదు. చలికాలమంతా గాలి కొండ గట్టు మీదికి తోసి తోసి పేర్చిన మంచు అది, ఇంటి చూరులాగా గట్టు దాటి బయటికి పొడుచుకొచ్చి లోయ మీద వేలాడుతోంది, ఆ చూరు మీద నిలబడి ఉన్నాడు తను. ఎడమ చెక్కకు జానెడు దూరంలో నెర్రె. అరచెయ్యి వెడల్పు, లోపల నీలం, ఇంకా లోపల నలుపు. నెర్రెకు అవతల ఇరవై అడుగులు మెత్తటి మంచు, దాని తర్వాత నల్లటి బండ, బండ మీద రహంతుల్లా, హవల్దారు. వాళ్లది నేల. తనది నేల కాదు. ఒక్క అడుగు పక్కకు వేస్తే నెర్రె దాటుతాడు, కానీ ఒక కాలు ఎత్తాలంటే బరువంతా రెండో కాలి మీద పడాలి, ఎండకు పొద్దున్నుంచి మెత్తబడిన చూరు ఆ బరువు ఓర్చదు. ఎండ పడమటి శిఖరం వెనక్కి పోయిందాకా అట్లాగే నిలబడమన్నాడు హవల్దారు, ఎండ పోతే మంచు గట్టిపడుతుంది, అప్పుడు చూద్దాం. ఎంతసేపు సాబ్ అని అడిగితే శిఖరం వైపు చూసి, చేతి వేళ్లు సూర్యుడి కింద అడ్డం పెట్టి కొలిచి, గంట అన్నాడు.

గంట. తాడు ఎవరి దగ్గరుందో వెతుక్కోనక్కర లేదు, చౌడప్ప వీపు మీది సంచిలోనే ఉంది. మూడో మనిషి తాడు మోయాలని ఆ దళంలో నియమం, ఎవరైనా పడితే వెనకనున్నవాడు వేస్తాడని. వెనకనున్నవాడే పడితే ఎట్లా అని నియమం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. భుజం తిప్పి సంచి విప్పబోతే చెక్కల కింద మంచు మూలిగింది, హవల్దారు వద్దని చెయ్యెత్తాడు, చౌడప్ప ఆగిపోయాడు, ఆగినవాడు ఆగినట్టే ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి. దిష్టిబొమ్మలాగా ఉన్నానేమో. సెనక్కాయ చేలో దిష్టిబొమ్మకు నాయన పాత చొక్కా తొడిగేవాళ్లు, దానికీ ఒక భుజం కిందికే ఉండేది, అది మాత్రం ఏ రోజూ కదలాలనుకోలేదు.

“ఏమప్పా చౌడప్పా, నిద్రపోతాండావా?” బండ మీదనుంచి రహంతుల్లా.

“నిలబడి నిద్రపోయేకి నేనేమన్న గుర్రమా అన్నా?”

“గుర్రమైతే ఈపాటికి దుమికిండేది. గాడిదవి కాబట్టే నిలబడినావు.”

నవ్వు వచ్చింది, నవ్వితే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే చెక్కలు కదులుతాయి, నవ్వును పళ్ల మధ్య పెట్టి నలిపేశాడు. రహంతుల్లాది యాడికి అనే ఊరు, చౌడప్పదీ అదే జిల్లా. వాళ్ల నాయన ఊరూరా తిరిగి ఇత్తడి సామానుకు కళాయి పూసేవాడు. బెంగుళూరులో సైన్యంలో చేరినప్పుడు వరసలో ముందు నిలబడినవాడు వెనక్కి తిరిగి నీదేవూరప్పా అన్నాడు, బెళుగుప్ప పక్కన అన్నాడు చౌడప్ప, అంతే, అప్పటినుంచి వాడు ముందు, తను వెనక. చైనా యుద్ధం ముగిసి ఏడాది దాటింది. ఎండ తప్ప మరొకటి ఎరగని ఇద్దర్నీ మంచు మీద నడవడం నేర్చుకోమని ఇంత దూరం పంపారు. చలికాలమంతా పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు. చైత్రం వచ్చాక, నేర్చిన చదువుకు ఆఖరి పరీక్ష ఇది, ఒక కాపలా గుడిసె నుంచి ఇంకో కాపలా గుడిసెకు గట్టు వెంబడి మూడు రోజుల ప్రయాణం. ముందు హవల్దారు, మంచులో పుట్టి మంచులో పెరిగిన కొండమనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మంచు గట్టిగా ఉండే వేళ, తెల్లవారకముందే బయలుదేరాలి, పన్నెండు లోపల గుడిసెలో ఉండాలి, ఇదీ వసంతకాలపు లెక్క. ఈరోజు లెక్క తప్పింది. పొద్దున రహంతుల్లా చెక్క కట్టు తెగింది, తోలుపట్టీకి కన్నాలు పొడిచి తీగ చుట్టి మళ్లీ కట్టేసరికి ఎండ గట్టెక్కింది. మనం ఆలస్యమైనాం, చూరు వైపు పోకండి, నా అడుగులోనే అడుగేసి రండి అని హవల్దారు పది మాటల్లో తొమ్మిది అక్కడే ఖర్చు పెట్టాడు.

అడుగులోనే అడుగేశాడు చౌడప్ప. నమ్మండి, వేశాడు. గట్టు వంపు తిరిగిన చోట గాలి హవల్దారు జాడను పూడ్చేసింది, రెండడుగులు కుడికి పోయాడు, అంతే, కుడి చెక్క కింద చప్పుడు వినబడింది. డొల్ల. చిన్నప్పటినుంచి తెలిసిన చప్పుడు, నిద్రలో వినబడినా లేచి కూర్చునే చప్పుడు, పెద్ద కాగు మీద గుడ్డ కప్పి అరచేత్తో కొట్టినట్టు, బొంయ్ అని. ఆ చప్పుడు వినగానే ఒళ్లంతా ఒక సంతోషం పాకింది, మంచు మరిచిపోయాడు, చూరు మరిచిపోయాడు, మడమ దానంతటది పైకి లేచింది, చెక్కలకు వెనకవైపు మడమ లేచే కట్లే కదా ఉండేది, లేచిన మడమ గట్టిగా దిగింది. ఒకటి. రెండు. మూడోది దిగకముందే మంచులోంచి తుపాకీ పేలినట్టు వినిపించింది, నెర్రె కాళ్ల పక్కనుంచి పాములాగా ముందుకు పాకిపోయింది.

ఏమైంది అని అరిచాడు హవల్దారు. దానంతటదే పగిలింది సాబ్ అన్నాడు చౌడప్ప. ఆ మాట ఎందుకన్నాడో తెలియదు. నోటికి ముందు వచ్చింది అది.

నోరు ఎండిపోయింది. నీళ్ల సీసా సంచిలో ఉంది, సంచి వీపు మీద ఉంది. నీళ్లు మాత్రం అన్ని చోట్లా ఉన్నాయి, బండ అంచుల నుంచి బొట్టు బొట్టుగా, గట్టు కింద సన్నగా గలగలమంటూ, కొండంతా కారుతోంది, చెవి ఎటు తిప్పినా నీళ్లే, కాళ్ల కింద కొన్ని వేల బిందెల నీళ్లు గడ్డకట్టి నిలబడి తన బరువు మోస్తున్నాయి, వంగి గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకునే దారి లేదు. ఊళ్లో ఇప్పుడు అమ్మ వంకలో చెలిమ తోడుకుంటూ ఉంటుంది. ఇసుకలో మోకాలి లోతు గుంట, అడుగున ఊరే నీళ్లు, కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోయడం, చిప్ప నిండేదాకా కూర్చోవడం, మళ్లీ తోడడం. ఒక బిందెకు ఒక పూట. మంచు గురించి ఉత్తరంలో రాశాడు, నేలంతా నీళ్లే పడుకుని ఉంటాయమ్మా, ఉప్పు ఆరబోసినట్టు ఉంటుంది, తొక్కుకుంటా నడుస్తాం అని. అమ్మ, నల్లమ్మ, చదువు రానిది, బడి అయ్యవారి చేత జవాబు రాయించింది, అయ్యవారు అమ్మ మాటను అట్లాగే దించాడు: నీళ్లను కాళ్లతో తొక్కుతారేమిరా పాపిష్టోడా, మీ దొరనడిగి రెండు బస్తాలు రైలుకెయ్యి. రహంతుల్లా ఆ ఉత్తరం బారకుల్లో అందరికీ హిందీలో చెప్పాడు, నెల రోజులు అందరూ చౌడప్పను రెండు బస్తాలని పిలిచారు. ఉత్తరం చివర ఒక ముక్క ఉంది, అది రహంతుల్లాకు చూపలేదు. మీ నాయన మంచం బయటేయించుకుని కూచ్చుంటాండాడు, మారెమ్మ గుడి తావ ఎవరో బాయి తవ్వుతాండారు, గడ్డపార సప్పుడు ఈడికి వినబడతాది, విని ఆ నేల మంచిదా కాదా చెప్తాండాడు.

నాయన గురప్ప కాళ్లు ఆ మంచం మీద ఉంటాయి, గురప్పవి కానట్టు.

కుడి పిక్క మళ్లీ. వణకొద్దే తల్లీ. వేళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, బూటు లోపల అయిదు వేళ్లు, బొటనవేలు దొరికింది, పక్కవేలు దొరికింది, మిగతావి దొరకలేదు. నాయన కూడా ఇట్లాగే వెతుక్కున్నానన్నాడు. చాలా రోజుల తర్వాత, మంచం మీద, ఎవరూ అడగకుండా అన్నాడు: “ఆ గంటసేపు నేనేం చేసినానో తెల్సునారా? నా కాళ్లు యాడుండాయో అని ఎతుక్కుంటా నిలబడినా.”

ఆ గంట. జయరాముడి చేనిలో బావి, ఆరు నిలువుల లోతు, ఇరవై రెండు రోజుల తవ్వకం, పైన నిలువెడు మట్టి దాటాక అంతా రాయే. లోపల నాయన, మేనమామ తిప్పయ్య, పైన తాడు లాగేది చౌడప్ప, పందొమ్మిదేళ్లవాడు, పదకొండో తరగతి పాసై, పై చదువు లేక తాడు పట్టినవాడు. రాయి పలికే చప్పుడు వేరు, ఠక్ అని పొడిగా, చేతిని వెనక్కి కొట్టి పంపిస్తుంది. ఆ చప్పుడుతో పొద్దుగూకితే ఎవరి మొహం ఎవరూ చూసుకోరు, మెట్లు ఎక్కి వచ్చి చేను ఆసామి ముందు నిలబడి ఈడ నీళ్లు పడవప్పా అని చెప్పాలి, అది చెప్పడానికి నాయన ముందుగా నోరు పుక్కిలించేవాడు, చచ్చినవాళ్ల ఇంటికి పోయి వచ్చినట్టు. డొల్ల పలకడం ఏడాదికి ఒకసారి, రెండుసార్లు. పలికిందంటే రాతి పొర పలచబడింది, కింద ఖాళీ ఉంది, ఖాళీలో ఊట ఉండొచ్చు. అప్పుడు లోపలివాడు గడ్డపార పక్కన పెట్టి మడమతో మూడుసార్లు తొక్కి చూస్తాడు. రెండోవాణ్ణి పైకి పంపేస్తాడు, విన్నవాడిదే ఆఖరి దెబ్బ, అది వాడి హక్కు. పైనున్నవాళ్లు చెప్పులు విప్పి గమ్మునుంటారు. ఆ గమ్మునుండడంలో దగ్గు కూడా రాకూడదు, మనిషి గొంతు వింటే ఊట పక్కకు తిరిగిపోతుందని వాళ్ల నమ్మకం, తాత కాలం నుంచీ ఎవరూ దాటలేదు. నాయన తొక్కాడు. ఒకటి, రెండు, మూడు. మామ పైకి వచ్చాడు. అందరూ చెప్పులు విప్పారు. చౌడప్ప తాడు పట్టుకుని అంచున నిలబడి కిందికి చూస్తున్నాడు, చూస్తుంటే తూర్పు గోడ నుంచి మట్టి జారింది, కొంచెమే, చేటలోంచి నూకలు జారినట్టు. ఆగింది. మళ్లీ జారింది. నాయన గడ్డపార ఎత్తాడు. నాయనా అందామని నోరు తెరిచాడు, తెరిచిన నోట్లో నాలుక ఉంది, దాన్ని కొరికి పట్టుకున్నాడు. ఊట తిరిగిపోతుంది. ఇరవై రెండు రోజులు. అందరూ గమ్మునున్నారు, అందరికంటే బాగా తను గమ్మునున్నాడు, ఉప్పగా రక్తం వచ్చిందాకా.

గోడ కూలి నాయన రొమ్ముదాకా వచ్చింది. తిప్పయ్య దిగి చేతుల్తో తోడాడు, పార పెడితే కాళ్లు తెగుతాయని. అమ్మ సంగటి ముద్ద మూట కట్టుకుని అప్పుడే వచ్చింది, ఏడవలేదు, బావి అంచున బోర్లా పడుకుని కిందికి చూసి మాట్లాడుతూనే ఉంది. “ఏమయ్యా, ఆకలైతాండాదా?” అంది. “ఆడనే పెట్టు, వస్తా,” అన్నాడు నాయన ఆరు నిలువుల కిందనుంచి. గంట తర్వాత తాడు కట్టి పైకి లాగింది చౌడప్పే, నడుం కింద నాయన బరువు లేకుండా వేలాడుతూ వచ్చాడు. డొల్ల నిజమే, డొల్లలో నీళ్లు లేవు, ఉత్త గులకరాళ్లు. మట్టి జారడం చూశానని చౌడప్ప ఎవరికీ చెప్పలేదు. నాయన అడగలేదు. అడగకపోవడం ఆరేళ్లుగా ఇంట్లో ఇంకో మంచం వేసుకుని పడుకుని ఉంది. సైన్యానికి వచ్చేరోజు మంచం పక్కన వంగి కాళ్లకు మొక్కితే, ఆ కాళ్లకు తెలియలేదు, నాయన తలమీద చెయ్యిపెట్టి, “కొత్త దేశం రా. యాడ నిలబడినా ముందు మడమతో తట్టి చూసుకో,” అన్నాడు. పెద్దల మాట. తట్టాడు. నేర్చుకునే రోజుల్లో కూడా మంచు డొల్ల పలికినప్పుడల్లా తట్టేవాడు, “నీకు ఈడ యా బాయి తవ్వాలప్పా, తిక్కోడా, ఆ కాలు గమ్మునుంచు,” అని రహంతుల్లా తిట్టేవాడు. అక్కడ చూరు లేదు కాబట్టి బతికారు.

రహంతుల్లాకు తెలిసే ఉంటుంది. బండ మీద కూర్చుని చౌడప్ప మడమలనే చూస్తున్నాడు.

వెలుతురు మారింది. చల్లటి గుడ్డ ఒకటి మొహం మీదుగా లాగినట్టు నీడ వచ్చింది, శిఖరం సూర్యుణ్ణి మింగింది, మంచు మీది మెరుపు ఒక్కసారిగా ఆరిపోయి బూడిద రంగు మిగిలింది. బొట్ల చప్పుడు పలచబడింది. హవల్దారు లేచి నిలబడ్డాడు. ఇప్పుడు రా అన్నాడు. ముందు తాడు తీసి విసురు, తర్వాత కాలు ఎత్తు, తొందరగా. చౌడప్ప చేతికర్రను ఒక వేలు మందం ఎత్తి చెక్కల మధ్య మంచు మీద మెల్లగా ఆనించాడు. డొల్ల. పైన పెళుసు పొర కట్టింది, కింద ఇంకా మెత్తనే.

“సాబ్, ఇంకా కాలేదు.”

హవల్దారు తల అడ్డంగా ఊపాడు. దానంతటది పగిలిన చూరు ఆగదు, లోపలంతా కుళ్లిపోయినట్టు లెక్క, ఎంతసేపు నిలబడితే అంత ముప్పు, వచ్చెయ్. పది మాటల కంటే ఎక్కువే. చౌడప్పకు అప్పుడు అర్థమైంది, ఆయన లెక్క సరైనదే, లెక్కకు తనిచ్చిన మాటే తప్పు. పగిలింది దానంతటది కాదు. పగలగొట్టాడు. పగలగొడితే పగిలిన చూరు వేరు, అది గట్టిపడేదాకా ఆగొచ్చు. ఈ మాట చెప్పాలి. చెబితే చెక్కలు లాగేసుకుని కిందికి పంపేస్తారు, మడమ అదుపులో లేనివాణ్ణి గట్టు మీద ఎవరుంచుకుంటారు. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో నాలుక ఉంది. ఆరు నిలువుల కింద నాయన గడ్డపార ఎత్తి ఉన్నాడు, తూర్పు గోడ నుంచి నూకల్లాగా మట్టి జారుతోంది, అందరూ చెప్పులు విప్పి గమ్మునున్నారు.

“నేనే తొక్కినా సాబ్,” అన్నాడు, తెలుగులో అని, మళ్లీ హిందీలో అన్నాడు. “దానంతటది పగల్లేదు. నేనే మడమతో తొక్కినా, రెండుసార్లు. అబద్ధం చెప్పినా. ఇప్పుడు కింద ఇంకా డొల్లుండాది, నాకు వినబడతాండాది, కాలెత్తితే పోతా.”

హవల్దారు రహంతుల్లా వైపు చూశాడు. రహంతుల్లా బండ మీద లేచి నిలబడి హిందీలో చెప్పాడు, వీడు బావులు తవ్వేవాళ్ల బిడ్డ సాబ్, నేల కింద ఏముందో వీళ్ల చెవికి తెలుస్తుంది, వీడు కాలేదంటే కాలేదు. తర్వాత ఇటు తిరిగి, “నాకు తెల్సులేప్పా. ఎప్పుడు చెప్తావా అని చూస్తాండా. గంటసేపు పట్టిందా నీకు, తిక్కనాయాలా?” అన్నాడు, గొంతు మాత్రం తిట్టినట్టు లేదు. హవల్దారు బండ మీద కూర్చున్నాడు. సరే అన్నాడు. నువ్వే చెప్పు.

అయిదు నిమిషాలో, పదో. ముప్పై అడుగుల ముందు, నెర్రె పాకిపోయిన చోట, చూరులో ఒక ముక్క, ఎడ్లబండి అంత ముక్క, చప్పుడు లేకుండా ఒరిగి, లేకుండా పోయింది. చాలాసేపటికి లోయలోంచి ఉరుము వచ్చింది. చౌడప్ప కాళ్లలోంచి ఆ ఉరుము నడుము దాకా ఎక్కింది. కళ్లు మూసుకోలేదు. ఊపిరి కొంచెం కొంచెంగా పీలుస్తూ, కొంచెం కొంచెంగా వదులుతూ, తన ముత్తాతలు ఎవరూ కోరని కోరిక కోరుకున్నాడు. రాయివి కా. ఊట వద్దు, ఖాళీ వద్దు, నీళ్లు వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు, గడ్డపార వెనక్కి కొట్టే రాయివి కా. కనురెప్పల మీద తడి గడ్డకడుతోంది. బండ అంచు మీది ఆఖరి బొట్టు రాలకుండా అక్కడే నిలిచిపోయింది. కొండంతా కారడం మానేసింది, ఆ నిశ్శబ్దంలో చేతికర్ర ఎత్తి ఆనించాడు.

ఠక్.

ముందు ఆనించాడు, ఠక్. వెనక, ఠక్. కర్ర చేతిని వెనక్కి కొట్టి పంపించింది. మెల్లగా, ఒక్కో వేలుగా, సంచి భుజం నుంచి జార్చి తాడు చుట్ట బయటికి తీశాడు, కొసను నడుముకు కట్టుకుని మిగతాది విసిరాడు, రహంతుల్లా అందుకుని బండ చుట్టూ తిప్పి పట్టుకున్నాడు, తాడు బిగిసింది. ఇన్నేళ్లూ తాడుకు పై కొసనే ఉన్నాడు చౌడప్ప. కింది కొసన ఉన్నవాడికి పైవాడి చేతులు ఇట్లా తెలుస్తాయని నాయన ఎప్పుడూ చెప్పలేదు. వచ్చే ఉత్తరంలో నాయనకు రాయాలి. మట్టి జారడం చూశానని రాయాలి. అయ్యవారు చదివి వినిపిస్తాడు, వినిపించనీ.

“ఏమంటాండాదప్పా నీ నేల?” అన్నాడు రహంతుల్లా తాడు మీద వెనక్కి వాలి.

“రాయన్నా. ఒట్టి రాయి!” చౌడప్ప అరిచాడు, అరుపు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. “ఈడ నీళ్లు పడవు! సచ్చినా పడవు!”

బండ మీద రహంతుల్లా పగలబడి నవ్వుతుంటే, హవల్దారు ఏమిటది ఏమిటది అని అడుగుతుంటే, చౌడప్ప ఎడమ కాలు ఎత్తి, నెర్రె దాటించి, అవతల మోపి, మడమను మాత్రం తట్టకుండా, నిద్రపోయే బిడ్డను మంచం మీద పడుకోబెట్టినట్టు, మెల్లగా దించాడు.